అంచు మడిచిన గుడ్డ

స్టేజీ మీద అన్నీ సిద్ధమయ్యాక పర్శరాములు చెయ్యెత్తేవాడు.

"జర ఆగుండ్రి. వాల్వులు వేడెక్కాలె."

ఆర్కెస్ట్రా పార్టీ మొత్తం ఆగేది. పార్టీ నడిపే లింగమూర్తి మైకు దగ్గరికి పోయి గొంతు సవరించుకుని, "అమ్మలారా, అయ్యలారా! మా పర్శరాములు డబ్బా బొంబాయి దొరసాని. లేశి ముఖం గడుక్కొని, కాటుక వెట్టుకునేదాక మాట్లాడది. జర ఓపిక వట్టుండ్రి" అనేవాడు. జనం నవ్వేవారు. పర్శరాములు మాత్రం నవ్వేవాడు కాదు. గొంతుక్కూచుని, గిటారు చప్పుడును పెంచే ఆ డబ్బా వెనుక చిల్లుల్లోంచి లోపల వెలుగుతున్న ఎర్ర దీపాన్ని చూసి, వైద్యుడు నాడి చూసినట్టు తలూపి, అప్పుడు మెల్లగా మీట తిప్పేవాడు. గిటారు పలికేది.

నిజానికి ఆ డబ్బాలో వేడెక్కేది ఏమీ లేదు. వాల్వులంటే గాజు బుడ్లు. స్విచ్చి వేశాక అవి ఎర్రబడి కాగితే తప్ప సెట్టు నోరు తెరవదు. ఇది ట్రాన్సిస్టర్ డబ్బా. స్విచ్చి వేసిన మరుక్షణం పలుకుతుంది. కరీంనగర్ టవర్ దగ్గర ఒక రేడియో మెకానిక్ పాత సామాను జమచేసి కూర్చితే, సిరిసిల్ల వడ్రంగి చెక్కపెట్టె కొట్టాడు. పైన నల్ల రెగ్జిన్ అంటించుకున్నది పర్శరాములే. ఆ ఎర్ర దీపం కూడా అతను పెట్టిందే. దేనికీ సంబంధం లేని చిన్న బల్బు అది. చూసేవాళ్ళు వాల్వు అనుకోవాలని.

పర్శరాములుది సిరిసిల్ల. తండ్రి రాయమల్లు మొదట్లో మగ్గం నేసేవాడు, తరువాత అందరిలాగే సాంచెల మీదికి, అంటే కరెంటు మగ్గాల మీదికి, కూలికి పోయాడు. పర్శరాములు పదో తరగతి తప్పి, మేనమామ వెంట బొంబాయి దగ్గరి భీవండి పోయి కొన్నేళ్ళు అక్కడి సాంచెల్లో పనిచేశాడు. పక్కనున్న కూలీల ఇండ్ల చాళ్లో ఒక గోవా ఆయన గిటారు నేర్పాడు. తిరిగొచ్చేటప్పుడు ఒక పాత గిటారు వీపుకు తగిలించుకుని బస్సు దిగితే, తల్లి శంకరవ్వ చూసి నోరు తెరిచింది.

"భీవండి పోయినోళ్లు గడియారాలు తెచ్చుకున్నరు, ట్రంకు పెట్టెలు తెచ్చుకున్నరు. నువ్వేంది కొడుకా, కట్టె తెచ్చుకున్నవు?"

డెబ్బై తొమ్మిదిలో లింగమూర్తికి గిటారు వాయించేవాడు అవసరమయ్యాడని తెలిసి కరీంనగర్ పోయాడు. రెండు పాటలు వాయించి చూపించాడు. లింగమూర్తికి చెయ్యి నచ్చింది.

"సొంత సెట్టు ఉన్నదా తమ్మీ?"

"ఉన్నదన్నా."

"వాల్వుదేనా? ట్రాన్సిస్టర్ డబ్బాలు నా పార్టీల నడువయి. పెండ్లిల రేడియో మోగినట్టుంటది."

"వాల్వుదే అన్నా. బొంబాయిది."

మాట నోట్లోంచి వచ్చేదాకా అలా అంటానని అతనికే తెలియదు. అప్పటికి వాల్వుది కాదు గదా, ఏ డబ్బా అయినా అతనికి లేదు.

డబ్బా తయారయ్యాక స్పీకరు ముందర కప్పడానికి గుడ్డ కావలసి వచ్చింది. బజారులో దొరికినవి అయితే మందం, కాకుంటే మరీ దోమతెరలు. ఆ సంగతి తండ్రి చెవిన పడింది. రాయమల్లు సాంచెల మీదికి పోయినా ఇంటి ముందరర్రలో పాత మగ్గాన్ని విప్పలేదు. ఏటా హనుమాన్ జయంతికి ముందు దాని మీద సిందూరం రంగు వస్త్రమొకటి నేసి, కొండగట్టుకు తీసుకుపోయి స్వామికి ఇచ్చి వచ్చేవాడు. ఆ ఒక్కదానికే మగ్గం.

"ఎట్లుండాలె బిడ్డా గుడ్డ?"

"సప్పుడు బయటికి పోవాలె బాపూ, దుమ్ము లోపటికి రావద్దు."

"గట్లనా" అని ఆలోచనలో పడ్డాడు రాయమల్లు. షిఫ్టు దిగివచ్చి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, పోగుకూ పోగుకూ నడుమ సందు వదులుతూ, ముదురు ఎరుపు నిలువు పోగుల్లో బూడిద రంగు అడ్డపు పేక కలిపి నేశాడు. నేసినంత మేర ఆ గుడ్డకు అవతల నోరు పెట్టి ఊది, ఇవతల అరచెయ్యి పెట్టి చూసుకునేవాడు. శంకరవ్వ నవ్వేది: "ముసలోనికి పీరీల పండుగొచ్చింది, బూర ఊదినట్టు ఊదుతనే ఉన్నడు!"

గుడ్డ దిగింది. దాని ఒక పక్కన పచ్చ పోగుల నడుమ ఎర్ర గీత, సన్నని అంచు. రాయమల్లు నేసిన ప్రతి బట్టకూ ఉండే అంచే.

"బాపూ, దీనికి అంచెందుకు? గిదేమన్న చీరనా?"

"అంచు లేంది గుడ్డెట్లయితదిరా? దాన్ని చింపిన పేలిక అంటరు."

పర్శరాములు గుడ్డ తీసుకున్నాడు. కానీ బొంబాయి సెట్టుకు చీరంచు ఉండదు కదా. కరీంనగర్‌లో, తండ్రి కంట పడని చోట, ఆ అంచును చట్రం వెనక్కి మడిచి మొలలు కొట్టాడు.

డబ్బా నమ్మకంగా పనిచేసింది. ఉట్నూరులో సర్కారు వాళ్ళ జల్సాకు, పాటల సభకు, పోయినప్పుడు జీపులో చోటు లేక దాన్ని ఒళ్ళో పెట్టుకుని అడవి దారంతా ఊగుతూ పోయాడు. అక్కడ కరెంటు దీపపు ఒత్తిలా కొట్టుకుంటూ ఉంటే మైకు సెట్టు మూగబోయింది గానీ డబ్బా పలికింది. ఒకసారి బస్సు టాపు మీది నుంచి కింద పడింది. మూల పగిలింది, అంతే. దాని మేలు ఎన్నడూ ఎవరి ముందరా చెప్పుకోలేకపోయాడు. ఎవరైనా దగ్గరికి వస్తే ముందు దాని వెనుక నిలబడేవాడు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో జలపతిరావు దొర కూతురి పెండ్లి ధర్మపురిలో అయింది. గోదావరికి దగ్గర్లో పెద్ద షామియానా. మధ్యాహ్నం భోజనాల వేళకు పాటలు. సరిగ్గా ఆ రోజే రాయమల్లు, శంకరవ్వ గోదావరి స్నానానికని, నరసింహస్వామి దర్శనానికని వచ్చారు. కొడుకు వాయిస్తున్నాడని తెలిసి షామియానా గుంజ పక్కన వచ్చి నిలబడ్డారు. తడి బట్టలు సంచిలో, నుదుట బొట్లు. పర్శరాములు చూశాడు. చూసి, పాట అయ్యాక పలకరించవచ్చులే అనుకున్నాడు. పాటలు అవుతూనే ఉన్నాయి, అతను దిగలేదు.

ఒక పాట నడుమ కరెంటు పోయింది. పంకాలు ఆగాయి. చేతి అలవాటు కొద్దీ పర్శరాములు వేళ్ళు తీగల మీద కదులుతూనే ఉన్నాయి. కొద్దిసేపటికి కరెంటు తిరిగి వచ్చింది. మైకు సెట్టాయనది పాత వాల్వు సెట్టు. అది కాగాలి కాబట్టి లింగమూర్తి నోరు కదులుతున్నా మాట వినపడటం లేదు. అంత పెద్ద షామియానాలో పర్శరాములు డబ్బా ఒక్కటే, స్విచ్చి వేసిన రేడియోలా, ఖంగున మోగింది.

చెయ్యి తీసేశాడు. అప్పటికే ఆలస్యమైంది. జలపతిరావు తమ్ముడు సుదర్శన్‌రావు వరంగల్‌లో ఇంజనీరు చదివినవాడు, ముందు వరుసలోనే కూచున్నాడు. లేచి వచ్చాడు.

"ఏమోయ్, వేడెక్కాలె అని ఇంతసేపు కూసోవెడితివి? మరి ఇప్పుడు ఎట్ల మోగిందది? వాల్వు సెట్టేనా?"

చుట్టూ నలుగురు మూగారు. లింగమూర్తి మూగ మైకు పట్టుకుని చూస్తున్నాడు. పర్శరాములు డబ్బా ముందుకు వచ్చాడు.

"వాల్వుదే దొరా. బొంబాయిది… కొత్త తీరుది. గీ గుడ్డ సూడుండ్రి, గిసొంటి గుడ్డ మన దిక్కు దొరుకుతదా? బొంబాయి నుంచే ఒచ్చింది."

దొరికిందే చాలని గుడ్డను పట్టుకున్నాడు. సుదర్శన్‌రావు వంగి గుడ్డను వేలితో నొక్కి చూశాడు. మంచి గుడ్డే అన్నట్టు తలూపాడు. అంతలో గుంజ పక్క నుంచి రాయమల్లు వచ్చాడు. కొడుకు గుడ్డను చూపిస్తున్నాడు, దొర మెచ్చుకుంటున్నాడు, అంతవరకే అతనికి కనబడింది. సాంచెల మోతకు చెవులు కొద్దిగా మందగించినవాడు, మాటలు సరిగా అందలేదు. ముఖమంతా వెలుగు.

"దొరా, గా గుడ్డ నేనే నేసిన! నా చేతి పనే!"

"నువ్వా? ఇది బొంబాయిదంటున్నడు?"

"కాదు దొరా, నాదే. ఇగో, అంచు సూడుండ్రి, నా అంచు ఉంటది" అంటూ డబ్బా ముందర మోకాళ్ళ మీద కూచుని, ఆ పక్క వెతికాడు, ఈ పక్క వెతికాడు. కిందికి వంగి చూశాడు. నాలుగు దిక్కులా నల్లని చట్రమే. అంచు లేదు.

"ఏదీ అంచు?" అన్నాడు సుదర్శన్‌రావు.

రాయమల్లు తల ఎత్తి కొడుకు వైపు చూశాడు. ఒక్క మాట చెప్పరా అన్నట్టు చూశాడు.

"ముసలాయన పొరపడ్డట్టున్నడు దొరా" అన్నాడు పర్శరాములు. "కండ్లు సక్కగ ఆనయి."

"ఎవలు ఈయన?"

"మా ఊరాయన."

ఎవరో నవ్వారు. రాయమల్లు మెల్లగా లేచి, మోకాళ్ళ మన్ను దులుపుకుని, "పొరపాటైంది దొరా, బాంచెను" అని వెనక్కి వెనక్కి నడిచాడు. అంతలో మైకు సెట్టు కాగి, లింగమూర్తి గొంతు పెద్దగా వినబడింది. పెండ్లి మళ్ళీ పెండ్లిలా సాగింది.

మరునాడు పర్శరాములు ఇంటికి పోయాడు. తండ్రి తిడితే బాగుండు అనుకుంటూ పోయాడు. రాయమల్లు అరుగు మీద కూచుని నూలు కండె చుట్టుకుంటున్నాడు.

"బిడ్డా, నిన్న నీకు తలవంపులు తెచ్చిన గదా" అన్నాడు. "నాది తీసేసి బొంబాయి గుడ్డ ఏసినవని నాకేం ఎరుక? మంచిగనే చేసినవు తియ్యి. అచ్చం నాదే అనుకున్న. అంచు లేకపాయె. నా కండ్లకు ఏమైందో."

చెప్పడానికి అదే అదను. ఒకే ఒక్క మాట. శంకరవ్వ గడపలో నిలబడి కొడుకును చూస్తోంది. "ఊరాయన" అన్న మాట ఆమె చెవులకు బాగానే అందింది. పర్శరాములు నీళ్ళ చెంబు అందుకుని, తాగి, ఖాళీ చెంబును చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూచున్నాడు.

ఆ మరుసటి ఏడు హనుమాన్ జయంతికి మగ్గం కదలలేదు. "నా గుడ్డను నేనే ఆనవాలు పట్టకపోతి. తప్పు నేత దేవునికెట్ల ఇస్త?" అన్నాడు రాయమల్లు. కొండగట్టుకు బజారులో కొన్న వస్త్రం తీసుకుపోయాడు. సాంచె దగ్గర తెగిన పోగు అతికాక పక్కవాణ్ణి పిలిచి, "జర సూడు తమ్మీ, సక్కగ అతికిన్నా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో కండ్లు చూపించుకుంటే ఏ దోషమూ లేదన్నారు. డాక్టరునూ నమ్మలేదు. ఒక వానాకాలం ముందరర్ర ఉరుస్తుంటే మగ్గం విప్పి దొడ్లో పేర్చారు. కట్టెలు ఒక్కొక్కటే నీళ్ళ పొయ్యిలోకి పోయాయి. ఇంటికి వచ్చినప్పుడల్లా పర్శరాములు ఆ కాగిన నీళ్ళతోనే స్నానం చేశాడు.

తొంభై రెండు నాటికి లింగమూర్తి కీబోర్డు కొన్నాడు. గిటారు పాట కూడా అందులోనే మోగేది. పర్శరాములును పిలిచి చాయ్ తాగించి మెల్లగా సంగతి చెప్పాడు. చెప్పి నవ్వాడు.

"ఇగ నీ దొరసాని ముఖం గడుక్కునేతందుకు ఆగే పని లేదు తమ్మీ."

"అన్నా, గది…"

"ట్రాన్సిస్టర్ డబ్బా. డబ్బా తెచ్చిన నాడే ఎరుక నాకు. వాల్వు సెట్టయితే ఇద్దరు మోస్తరు. నువ్వు చంకల వెట్టుకొని బస్సు దిగితివి!"

పర్శరాములు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మరి అనకపోతివి?"

"చెయ్యి మంచిగుండె, డబ్బా మంచిగ వలికె. ఏమని అనాలె? నువ్వు ఆపినంత సేపు నేను గొంతు సవరించుకుందును. నాకూ అక్కరకొచ్చె."

ఎవరి నుంచి దాచాడో ఆ మనిషికి మొదటి నుంచీ తెలుసు. సిరిసిల్ల బస్సులో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, ఆ గుడ్డకు ముఖం ఆనించకుండా ఉండటానికి కిటికీ వైపు తిరిగి కూచున్నాడు.

ఇంటికి వచ్చి డబ్బాను అరుగు మీద తండ్రి ముందు పెట్టాడు. రాయమల్లుకు అప్పటికి నిజంగానే కండ్లకు పొరలు కమ్మాయి. మనుషులను మాటతోనే గుర్తుపడుతున్నాడు. పర్శరాములు పట్టకారుతో మొలలు ఒక్కొక్కటే పీకాడు. చట్రం ఊడింది. గుడ్డ వెలిసి మట్టిరంగుకు తిరిగింది. మడత విప్పితే మాత్రం, ఎండా దుమ్మూ తగలని అంచు, పచ్చ పోగుల నడుమ ఎర్రని గీత, మగ్గం దిగిన నాటిలాగే ఉంది.

దాన్ని తండ్రి చేతిలో పెట్టాడు. రాయమల్లు బొటనవేలితో గుడ్డ తడిమాడు. వేలు జరుపుకుంటూ పోయి అంచు దగ్గర ఆగింది. అటు ఇటు రెండుసార్లు నడిచింది.

"ఓ శంకరవ్వా" అని లోపలికి పిలిచాడు. "ఇగో… నాడు నా కండ్లు మంచిగనే ఉండెనే."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. శంకరవ్వ బయటికి రాలేదు.

"బాపూ…" అన్నాడు పర్శరాములు.

రాయమల్లు గుడ్డను ఒళ్ళో పరుచుకుని, మొలల చిల్లులు ఒక్కొక్కటి వేలితో సాపు చేస్తూ, నేతగాళ్ళు బేరగాడికి ఇచ్చేటప్పుడు మడిచినట్టు శ్రద్ధగా మడత వేశాడు. కొడుకు కూచున్న దిక్కుకు చెయ్యి చాచాడు.

"వట్టు బిడ్డా. గుడ్డ మడిస్తే అంచు మీదికి ఉండాలె. గిది నీకు నేనే చెప్పక వోతి."

పర్శరాములు రెండు చేతులా అందుకున్నాడు. తండ్రికి తన ముఖం కనబడదని తెలిసీ, తల ఎత్తలేకపోయాడు.