షోగన్ రాజీనామా

కెస్సీ అప్పల్సామి మేష్టారికి జపాన్‌తో బీరకాయపీచు చుట్టరికం కూడా లేదు. తాత దక్షిణాఫ్రికాలో ఉంజింటో చెరుకుతోటల్లో కూలి, తండ్రి అక్కడే మిల్లులో పనివాడు. అయినా ఇసిపింగోలోని మన పిల్లల బళ్లో ఆయన ఇరవై ఏళ్లకు పైగా చెప్పిన చరిత్రలో జపాన్ షోగన్లదే పెద్దపీట. సిలబస్‌లో ఉన్నది ఒక్క పేజీ. దాన్ని ఆయన మూడు వారాలు సాగదీసేవారు.

ఊరికే కాదు. తెల్లవాళ్ల ప్రభుత్వం పడిపోతుందని క్లాసులో అంటే ఉద్యోగం ఊడేది. షోగన్ పడిపోయాడంటే ఏ ఇన్‌స్పెక్టరూ కిక్కురుమనడు. అందుకని ఒక పిల్లాణ్ణి చక్రవర్తిని చేసి వెనక బెంచీలో కూర్చోబెట్టి, అందరిచేతా దండాలు పెట్టించి, నోరు మాత్రం విప్పనిచ్చేవారు కాదు. ముందు బెంచీవాడు షోగన్, అంటే సేనాధిపతి. పెత్తనమంతా వాడిదే. మిగతావాళ్లు జమీందార్లు. వాళ్ల సంచులన్నీ షోగన్ కాళ్ల దగ్గర తాకట్టు. అసలు షోగన్ వాళ్ల పెళ్లాం బిడ్డల్నే అట్టిపెట్టుకునేవాడు మరి.

"యుద్ధం గెలిచి గద్దెనెక్కారు. దేశానికి గడియ పెట్టి రెండు వందల ఏళ్లకు పైగా ఏలారు. చివరికి ఏమైంది?" అని అడిగేవారు. "పడిపోయారు!" అని పిల్లలు బల్లలు బాదేవారు.

అసలు నవ్వంతా ఆఖరి షోగన్ దగ్గరే. జమీందార్లు ఎదురుతిరిగేసరికి, అధికారం నేనే వదిలేస్తున్నానన్నాడు ఆ మహానుభావుడు. నువ్వు లేకపోతే ఎలాగని బతిమాలి మళ్లీ పెద్ద కుర్చీలో కూర్చోబెడతారని ఆశ. ఎవరూ బతిమాల్లేదు. ఆర్నెల్లు తిరక్కుండానే కోట కూడా పోయింది. "ఎంత ఫూల్, మ్యాన్!" అని మేష్టారు పడీ పడీ నవ్వేవారు.

ఇక గుడి కమిటీలో ఈయన చేసే పని చూడండి. ఏటా సమావేశంలో లేచి, "నాకి చాలు, నేను రిజైన్," అనేవారు. అది మనవాళ్ల మర్యాద. బడి ప్రిన్సిపాల్ ప్రెగ్గీ ఆ కమిటీలోనూ ఉండేవాడు, అందరికంటే ముందు లేచేవాడు. "అట్లా ఒద్దన్నా, కూకో అన్నా!" అందరూ అందుకునేవారు. మేష్టారు కాసేపు బెట్టు చేసి కూర్చునేవారు. మళ్లీ ఏడాదంతా అధ్యక్షుడు ఆయనే.

అన్ని రంగులవాళ్లకీ ఓటున్న తొలి ఎన్నికలొచ్చాయి. ఓటు వేసి మేష్టారు సంతోషంతో ఏడ్చారు. పక్కనున్న నల్లవాళ్ల పేట ఉమ్లాజీ నుంచి జులూ పిల్లలు బళ్లో చేరారు. తల్లిదండ్రులతో పాలకమండలి ఏర్పడింది. దానికి అధ్యక్షురాలు మేవిస్, ఉమ్లాజీలో నర్సు. అంతలో, ఒక టీచరు తగ్గాలని పైనుంచి హుకుం. ఎవరన్నది తేలలేదు. మేష్టారికా, ఆ క్లాసుగది తప్ప వేరే లోకం లేదు.

"సర్, మా పిల్లలకి సొంత తాతల చరిత్రే తెలీదు. జపాన్‌కి మూడు వారాలా?" అని మీటింగులో మేవిస్ అడిగింది. తప్పేమీ అడగలేదు. మేష్టారికి మాత్రం రోషం పొడుచుకొచ్చింది.

"నా చరిత్ర అక్కర్లేకపోతే నేనూ అక్కర్లేదు. నేనే వెళ్లిపోతా," అని, కూర్చోకుండా ప్రెగ్గీ వైపు చూశారు.

ప్రెగ్గీ టీ కప్పులోకి చూస్తున్నాడు.

మన మర్యాద మేవిస్‌కేం తెలుసు? దగ్గరికొచ్చి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "థాంక్యూ సర్. చిన్న టీచర్ల ఉద్యోగం నిలబెట్టడానికి మీరే తప్పుకుంటున్నారు. మీ మాటను గౌరవిస్తున్నాం." అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మీద మేష్టారికి కోపం రాలేదు. అనాల్సిన మాట ఆ గదిలో తెలిసినవాడు ఒక్కడే, వాడు టీ తాగుతూ కూర్చున్నాడు.

ఇంట్లో భార్య వల్లీ తలబాదుకుంది. "ఆ ఫూల్ జపాన్ రాజా లాగా చేసినావే! బుద్ధి లేదా నీకి? రేపు పోయి చెప్పు వాళ్లకి, ఊరికే అన్నానని." తల తెగినా వెళ్లనన్నారు. వెళ్లలేదు. ఆ ఏడు గుడి మీటింగుకీ వెళ్లలేదు. అధ్యక్ష పదవి ప్రెగ్గీకి దక్కింది.

మరుసటి ఏడు వెళ్లారు. వెళ్లింది ఒక్క మాట కోసం. ఏడాదిగా ఆ మాటే నోట్లో నలుగుతోంది: థాంక్యూ ప్రెగ్గీ, మీ మాటను గౌరవిస్తున్నాం.

అనుకున్నట్టే ప్రెగ్గీ లేచాడు. "నాకి చాలు, నేను రిజైన్," అన్నాడు. హాలంతా మేష్టారి వైపు తిరిగింది. పెద్దవాడు, ముందు ఆయనే అనాలి. మేష్టారు నోరు తెరిచారు.

"అట్లా ఒద్దు తంబీ, కూకో," అన్నారు.

ప్రెగ్గీ కూర్చున్నాడు.