గాలం కర్రలూ, కొత్త ఇల్లూ

మా కొత్త ఇంటి ప్రార్థనకు చుట్టాలు గేటు గుండా వచ్చారు, వాననీళ్లు మిద్దె మీది నుంచి మెట్లు దిగి వచ్చాయి. వచ్చిన చుట్టాలు సాయంత్రానికి వెళ్లిపోయారు. నీళ్లు మాత్రం హాల్లో కొత్త సోఫా కింద చేరి మరుసటి రోజు దాకా కదల్లేదు. కర్నూలులో ఇల్లు మునగాలంటే మామూలుగా తుంగభద్ర పొంగాలి. నా ఇంటిని ముంచుకోవడానికి నాకు నదితో పని పడలేదు, నా గాలం కర్రలు సరిపోయాయి. ఎలాగంటారా, చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. మా బంధువులంతా నవ్వగా మిగిలిందే మీకు పెడుతున్నాను.

అప్పట్లో నేను డోన్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మేనేజరుని. పొద్దున్నే కర్నూలులో రైలెక్కి పోయి, సాయంత్రం తిరిగొచ్చేవాణ్ణి. ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన ఒక ఆదివారం నన్ను కేసీ కాలువ గట్టుకు తీసుకెళ్లి, చేతిలో ఒక వెదురు గాలం పెట్టాడు. నా ఖర్మ కాలి ఆ రోజే ఒక జెల్ల పడింది. అరచేయంత ఉంటుంది. నేను పట్టిన మొదటి చేప అదే, దాదాపుగా చివరిదీ అదే. దాన్ని ఇంటికి తెచ్చి మా ఆవిడ ప్రమీలకు చూపిస్తే, పులుసు పెట్టాలా, అక్వేరియంలో వెయ్యాలా అని అడిగింది.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు కూర్చున్నా గాలం దారానికి కట్టిన బెండు నీళ్లలో నిద్రపోయిందే తప్ప ఒక్కసారి మునగలేదు. లోపం ఎక్కడుందా అని తీవ్రంగా ఆలోచించాను. నాలో ఉండే అవకాశం లేదు. చేపలోనూ ఉండదు, అదసలు రాలేదు. కాబట్టి లోపం కర్రలో ఉందని తేల్చి, ఫోన్లో చూసి ఒక కొత్త కర్ర తెప్పించాను. లాగితే పొడుగవుతుంది, నొక్కితే గొడుగులా ముడుచుకుంటుంది. దానికీ పడలేదు. అది పెద్ద చేపల కర్ర అని తెలిసి చిన్న చేపలది తెప్పించాను. కాలువకొకటి ఉన్నప్పుడు చెరువుకొకటి లేకపోతే బాగుండదు కదా, అదీ వచ్చింది. సముద్రానికని ఒకటి కొన్నాను. కర్నూలు నుంచి సముద్రం ఎంత దూరమో మీకు తెలుసు, నాకూ తెలుసు. అయినా కొన్నాను. గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు బొక్క పెట్టి చేపలు పట్టేవాళ్ల కోసం చేసిన ఒక పొట్టి కర్ర ఉంటుంది. అది తగ్గింపు ధరలో వచ్చింది. నడివేసవిలో, కూలర్ ముందు కూర్చుని, దాన్ని కూడా కొన్నాను.

ఇన్ని ఉన్నా కాలువకు పోయేటప్పుడు మాత్రం ఆ పాత వెదురు కర్రే పట్టుకుపోయేవాణ్ణి. కొత్తవాటికి గీతలు పడతాయని భయం.

మేమున్న అద్దె ఇంట్లో అవి బీరువా వెనక ఉండేవి. ప్రమీల బీరువా తలుపు తీసినప్పుడల్లా ఒకటి ఆమె నెత్తిన పడేది. ఆమె బడిలో టీచరు, ఓపిక ఎక్కువే, కానీ అన్నిసార్లు దెబ్బ తిన్నాక ఎవరికైనా తగ్గుతుంది. కల్లూరులో కొన్న స్థలంలో పునాది వేసిన రోజు, మా పాస్టరయ్య ప్రార్థన ముగించి ఇంకా కళ్లు తెరవకముందే, ఆమె నా వైపు తిరిగింది.

"ఇల్లయ్యేదాకా ఇంగొక్క గాలం కర్ర కొనొద్దండి. అయ్యగారి ముందర మాటియ్యండి."

ఇచ్చాను. పాస్టరయ్య ఆ మాటను కూడా కలిపి దేవునికి అప్పజెప్పి, ఆమేన్ అన్నాడు.

నా మాట నిలబెట్టుకోవాలని నాకూ ఉండింది. కానీ ఫోనుకు ఆ సంగతి తెలియదు కదా, అది చూపించడం మానలేదు. పార్సిళ్లు డోన్ ఆఫీసుకు వచ్చేవి, అన్నిటికన్నా ఖరీదైన నల్లటి కార్బన్ కర్రతో సహా. వాటిని ఇంటికి తేలేను, ఆఫీసులో ఉంచితే లారీ డ్రైవర్లు టార్పాలిన్ కట్టడానికి వాడేస్తారు. సాయంత్రం రైలు దిగి, షేర్ ఆటోలో కల్లూరు పోయి ఇంటి పని చూసి రావడం నాకు అలవాటు. అక్కడ గోడ పక్కన లావుపాటి తెల్ల ప్లాస్టిక్ పైపులు పేర్చి ఉండేవి. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఒక పైపులోకి కొత్త కర్రలనూ, ఎవరికో ఇచ్చేశానని ప్రమీలకు చెప్పి బీరువా వెనక నుంచి తెచ్చిన పాతవాటినీ నెట్టి, దుమ్మూ ఎలుకలూ పోకుండా అటూ ఇటూ గోనెసంచి ముక్కలు కనపడకుండా లోపలికంటా గట్టిగా కుక్కాను. ఎంత గట్టిగా అంటే, గాలి కూడా పోదు. బయటికి చూస్తే పైపు పైపులాగే ఉంది. ఇంత తెలివి నాకు వారసత్వంగా ఎవరి నుంచి వచ్చిందా అని ఆ సాయంత్రం ఆటోలో కూర్చుని చాలాసేపు మురిసిపోయాను.

ఇల్లు పూర్తి కావస్తుండగా మా మామను, అంటే ప్రమీల నాన్నను, పిలవడానికి పోయాను. వాళ్లది పులివెందుల అవతల పల్లె. మామ పేరు జయరాజు, కొద్దిపాటి మెట్ట చేను, ఆ ఏడు శెనక్కాయ వేశాడు. ప్రార్థనకు రమ్మని పిలిస్తే, వస్తాను కానీ ముందు వాన రావాలని ఆయన అన్నాడు. రెండు రోజులుండి తిరిగొచ్చి, నేరుగా కల్లూరు పోయి చూస్తే గోడ పక్కన పైపులు లేవు.

ప్లంబర్ ఖాజా సామాను సర్దుకుంటున్నాడు.

"ఖాజా, ఈడ పైపులుండె కదా, యాడికి పోయినాయి?"

"బిగించేసినా సార్. మేడం తొందర పెడ్తాండారు కదా. రంగు కూడా కొట్టిచ్చేసిరి."

"దాంట్లో... ఏమన్నా ఉండెనా?"

ఖాజా నన్ను జాలిగా చూశాడు. "పైపులో ఏముంటాది సార్. గాలి."

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఖాజా రోజూ సాయంత్రం ప్రమీలకు ఫోన్ చేసి ఆ రోజు పనంతా అప్పజెప్తాడు. అతనికి చెబితే ఆమెకు చెప్పినట్టే. ఆమెకు తెలిస్తే పాస్టరయ్యకు తెలిసినట్టే. మింగేశాను.

ఇక తెలుసుకోవలసింది ఒక్కటే, నా పైపు ఎక్కడ పడింది. బాత్రూము కిందికా, మిద్దె మీది వాననీళ్లు దిగడానికా? అందరూ పోయాక బాత్రూములో దూరి బకెట్ల కొద్దీ నీళ్లు గుమ్మరించాను. సాఫీగా పోయాయి. గుండె బరువుగా మిద్దె ఎక్కి ఒక బకెట్ పోశాను. నీళ్లు మూల దాకా పోయి, పైపు మూతి దగ్గర ఆగి, నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాయి. కిందికి దిగి పైపుకు చెవి ఆనించి తట్టాను. అంతలో గేటు దగ్గర ప్రమీల గొంతు వినిపించింది, ఏం చేస్తాండారని. గోడ గట్టితనం చూస్తున్నానన్నాను. ఆ రాత్రి ఆమె మా మామకు ఫోన్లో, ఇంటి పని ఒత్తిడి ఆయన తలకెక్కినట్టుందని చెప్పింది.

నేను భయపడలేదు. మాది మబ్బు కనిపిస్తే ఫోటో తీసి స్టేటస్ పెట్టుకునే ప్రాంతం. ప్రార్థన అయిపోయి చుట్టాలు వెళ్లాక, ఒక మధ్యాహ్నం తీరిగ్గా పైపు కోసి కర్రలు తీసుకుని మళ్లీ అతికించుకోవచ్చు. వానకేం తొందర?

ప్రార్థన రోజు మిద్దె మీద షామియానా వేశాం. సంఘమంతా వచ్చింది, ఖాజా కూడా తెల్ల లాల్చీ వేసుకుని అత్తరు పూసుకుని ఇంటిల్లిపాదితో వచ్చాడు. పాస్టరయ్య ఇంటిని దీవించాడు, పునాదిని దీవించాడు, కిటికీలను దీవించాడు. అక్కడితో ఆగి ఉంటే నేను ఈ కథ రాసేవాణ్ణి కాదు. ఆయన చేతులు పైకెత్తి, ఎండిన ఈ సీమ మీద వాన కురిపించమని మొదలుపెట్టాడు. మా మామకు అది చాల్లేదు. ఆయన లేచి, చేను పేరు చెప్పి, వూరి పేరు చెప్పి, ఇంతకాలం పడని వానలన్నీ కలిపి ఇప్పుడే ఇమ్మని కన్నీళ్లతో అడిగాడు. అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు. నా నోరు తెరుచుకోలేదు. కరువు ప్రాంతంలో పుట్టి వాన వద్దని కోరుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

మామ నా మోచేతిని పొడిచాడు. "ఆమేన్ అనప్పా అల్లుడా. శెనక్కాయ ఎండిపోతాండాది."

అన్నాను. పైదాకా వినపడదులే అని మెల్లగా అన్నాను.

వినపడింది. బిర్యానీ రెండో బంతిలో ఉండగా తూర్పున నల్లబడింది. మొదటి చినుకులకు అందరూ సంతోషపడ్డారు. తర్వాత షామియానా పొట్ట ఉబ్బింది, ఆ తర్వాత మిద్దె మీద చీలమండ దాకా నీళ్లు నిలిచాయి. ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్నారు. విడిచిన చెప్పులు ఒక్కొక్కటే తేలి మెట్ల వైపు బయలుదేరాయి. వాటి వెనకే నీళ్లు, నీళ్ల వెనక విస్తరాకులు, హాల్లోకి దిగాయి. మా మామ ఒక్కడే వానలో నిలబడి, ముఖం పైకెత్తి, స్తోత్రం స్తోత్రం అంటున్నాడు.

ప్రమీల ఖాజాను పిలిచింది. అతను ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి, పైపు మూసుకుపోయింది, కింద మోచేతి వంపు దగ్గర కోయాలి అన్నాడు. వద్దన్నాను. నీళ్లు ఎండలో ఆవిరైపోతాయి, కొంచెం ఓపిక పట్టాలని చెప్పాను. వాన హోరులో నిలబడి నేను ఎండ గురించి మాట్లాడుతుంటే ప్రమీల నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఖాజాతో కోయమంది.

రంపం అటూ ఇటూ ఆడింది. పైపు తెగింది. ముందు గోనెసంచి ముక్క ఉండలా ఎగిరొచ్చి ఖాజా లాల్చీకి తగిలింది. దాని వెనక నీళ్లు జలపాతంలా దూకాయి. ఆ నీళ్లలో ఎర్రది, నీలిది, నల్లది, పొట్టిది, పొడుగుది, నా కర్రలన్నీ గేటు దాకా జారుకుంటూ వెళ్లి పాస్టరయ్య కాళ్ల దగ్గర ఆగాయి.

అందరూ మూగారు. ఇవేంటని ఒకరినొకరు అడిగారు. పాస్టరయ్య భార్య టీవీ ఏంటెనాలేమో అంది. ఖాజా, పైపుల్లో ఎలుకల్ని చూశాను, పిచ్చుక గూళ్లను చూశాను, ఇలాంటివి ఎప్పుడూ చూడలేదని అందరికీ చెప్పుకుంటున్నాడు. నేనూ ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టాను. నిజంగా బాగానే పెట్టాను. పైపుల కంపెనీవాళ్లే మరిచిపోయి ఉంటారని అనబోతున్నాను కూడా. ఇంతలో ప్రమీల మేనమామ, మంచి భారీ మనిషి, దగ్గర్నుంచి చూద్దామని అడుగు ముందుకు వేశాడు. ఆ పాదం సరిగ్గా నల్లదాని మీదికి దిగుతోంది.

"తొక్కొద్దు మామా, అది కార్బన్ది."

మాట బయటికి వచ్చాక నాకే వినపడింది. వాన కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది.

ప్రమీల అడిగింది. "కార్బన్దని మీకెట్ల తెలుసు?"

"చూస్తే తెలుస్తాంది కదా."

ఆమె వంగి పొట్టిది చేతిలోకి తీసుకుంది. "ఇదేంటిది?"

"అది మంచులో పట్టేది."

"యాడి మంచు?"

పాస్టరయ్య దగ్గి, మేఘాల వైపు చూశాడు. పునాది రోజున ఆయన చేసిన ప్రార్థన ఆయనకూ గుర్తొచ్చిందని నాకు అర్థమైంది. నన్ను కాపాడింది మా మామే. తలనుంచి కాళ్ల దాకా తడిసి, నవ్వుకుంటూ మెట్లు దిగొచ్చి సంగతి విన్నాడు.

"పోనీలేమ్మా. పైపు మూస్తే వానొస్తాదంటే, ఏటేటా మూసిపెట్టమను అల్లున్ని."

అందరూ నవ్వారు. ప్రమీల నవ్వలేదు, తిట్టనూ లేదు. అదే నన్ను భయపెట్టింది. కర్రలన్నీ ఏరి, తుడిచి, తీసుకుపోయి ఒక గదిలో పెట్టి తలుపేసింది. మర్నాడు నేను డోన్ పోతున్నప్పుడు కూడా ముక్తసరిగా, సాయంత్రం తొందరగా రమ్మంది. రైల్లో ఒక్క స్టేషను కూడా నాకు కనబడలేదు. కళ్ల ముందు కర్రలన్నీ పొయ్యిలో మండుతున్నట్టే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఖాజా డ్రిల్ మిషన్ తీసుకుని కిటికీ నుంచి కిటికీకి తిరుగుతున్నాడు. ప్రమీల కుర్చీ ఎక్కి పరదాలు తగిలిస్తోంది. పరదా కమ్ములు ఇంకా కొనలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. ఇక కొనే అవసరం లేదన్న సంగతి ఆ వెంటనే తట్టింది. లాగితే పొడుగయ్యే కర్రలు కదా, ఏ కిటికీకైనా సరిగ్గా సరిపోయాయి. సముద్రపు కర్రకు హాల్లో పెద్ద కిటికీ దక్కింది. చెరువుది పడగ్గదిలో, చిన్న చేపలది వంటింట్లో. ప్రాణంగా చూసుకున్న ఆ కార్బన్ది బాత్రూములో తువ్వాళ్లు మోస్తోంది. మంచు కర్రకు మసిగుడ్డ వేలాడుతోంది. చూడ్డానికి బాగుందని హాల్లోదానికి రీలు కూడా ఉంచేసింది ఆమె. పరదా గట్టిగా లాగితే అది గిర్రున తిరుగుతుంది. ఇంటికొచ్చినవాళ్లంతా, ఇంత నాజూకైన కమ్ములు ఏ షాపులో దొరికాయని అడుగుతారు. మా ఆయన సెలక్షన్ అని ప్రమీల చెబుతుంది.

నా గాలం కర్రలు అన్నీ ఒకేసారి పనిలో ఉన్నది నా జన్మలో ఇప్పుడే. అందుచేత, పెద్దలూ పాఠకులూ వింటుండగా నిండు మనసుతో మాటిస్తున్నాను. ఇకమీదట నేను కిటికీ లేకుండా ఒక్క గాలం కర్ర కూడా కొనను.

పైన ఇంకో అంతస్తు వేసుకుందామని ప్రమీలతో మెల్లగా మాట్లాడుతున్నాను.