ఏసేపు చప్పట్లు

కడపలో మోటార్లకు వైండింగు కట్టే ఏసేపుకు చప్పట్లు వినబడని పాట పాటే కాదు. స్టూడియోలో తలుపులు మూసుకుని పాడినదాన్ని ఆయన చెవిన పెట్టడు. రాక్ గానీ, జాజ్ గానీ, నిండు సభలో వాయించినది, జనం ఈలలూ కేకలతో సహా రికార్డు చేసిన కచేరీ ఆల్బమే కావాలి. బెంగళూరులో మూతపడిన ఒక హోటలుకు మోటారు విప్పడానికి పోయి, వాళ్లు పారేస్తున్న సీడీల పెట్టె ఎత్తుకొచ్చిన నాటి నుంచీ ఈ పిచ్చి పట్టుకుంది. ఆయనకది పిచ్చి, భార్య కృపమణికి పరీక్ష.

"ఆ ఇంగిలీసు నీకేం అర్థమైతాదయ్యా?" అని ఆమె అడిగేది.

"చప్పట్లు తెలుగే గదా," అనేవాడు.

ఒక జాజ్ ఆల్బంలో పియానో మెత్తగా నడిచేచోట సభలో ఎవరో దగ్గుతారు. ఆ దగ్గిన మనిషికి ఏసేపు ఆనందం అని పేరు పెట్టుకున్నాడు. ఇంటికొచ్చిన చుట్టాలను కూర్చోబెట్టి, "ఇప్పుడు ఆనందం దగ్గుతాడు సూడండి," అని ముందే చెప్పేవాడు. అదే బృందం తర్వాతి కచేరీ దొరికినప్పుడు ఎంత విన్నా దగ్గు వినబడలేదు. ఆ పూట ఆయన సంగటి కంచం పక్కకు నెట్టేశాడు.

"దగ్గు తగ్గిందేమోలే," అంది కృపమణి.

"తగ్గింటే కచేరీకి వచ్చేటోడు గదా."

"వచ్చినా దగ్గకపోతే నీకెట్ల తెలుస్తాది?"

ఏసేపు ముఖం విప్పార్చుకుని కంచం దగ్గరికి లాక్కున్నాడు.

జాజ్ కచేరీల్లో ఒక్కొక్కరూ విడిగా వాయించి ముగించగానే, పాట మధ్యలోనే, జనం చప్పట్లు కొడతారు. ఆ మర్యాదను ఏసేపు కడపకు దింపాడు. పెండ్లిలో డోలు వాయించేవాడు చెమట తుడుచుకుంటే చప్పట్లు. కాలిన మోటారు మళ్లీ తిరిగితే చప్పట్లు. కృపమణి తాళింపు వేస్తే, ఆవాలు చిటపటలాడి ఆగగానే చప్పట్లు. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో నీళ్లు తాగబోతే వెనక వరుసలో ఒకే ఒక్క జత చేతులు మోగాయి. ప్రసంగం అయిపోయిందనుకుని సగం సంఘం చెప్పులు వేసుకుంది.

అందుకే చర్చిలో కోత పండుగకు కృపమణి ముందే జాగ్రత్తపడింది. ఏళ్ల తరబడి గాయకబృందంలో పదిమందితో కలిసి పాడిందే గాని, మైకు ముందు ఒక్కతే నిలబడడం ఆమెకు అదే మొదలు.

"నా మీద ఒట్టు. నేను పాడేటప్పుడు చప్పట్లు కొట్టొద్దు."

"మధ్యలో ఒక్కసారి?"

"మధ్యలో లేదు, చివర్లో లేదు."

"ఈల?"

ఆమె చూసిన చూపుకు ఈల సంగతి అక్కడితో ముగిసింది.

పండుగనాడు చర్చి నిండిపోయింది. పీఠం ముందు శెనక్కాయ చెట్లు, కొర్ర కంకులు కుప్ప పోశారు. కృపమణి పాడేది కీబోర్డు వాయించే లేవి వాళ్ల నాయన కట్టిన పాట. సంఘంలో పిల్లలకు కూడా నోటికి వచ్చు. మొదటి చరణం బాగానే సాగింది. రెండోది ఎత్తుకోబోయేసరికి కృపమణికి మాట అందలేదు. లేవి అదే వరసను మళ్లీ తిప్పాడు. రాలేదు. ఇంకోసారి తిప్పాడు. ముందున్న ఆడవాళ్లు ఆమె ముఖం చూడలేక తల వంచుకున్నారు. మైకులో ఆమె ఊపిరి ఒక్కటే వినబడుతోంది. కన్నీళ్లు వచ్చేలోపు దిగిపోదామని పక్కకు తిరిగింది.

అప్పుడు వెనక వరుసలో ఏసేపు లేచాడు. చర్చిలో ఆయన పెదవులు కదిలించడమే గాని గొంతు విప్పిన మనిషి కాదు. విప్పితే అది గ్రీజు లేని బేరింగు చప్పుడు. ఒట్టు గుర్తుండి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఆ గొంతుతోనే గట్టిగా ఎత్తుకున్నాడు:

"తడిసిన నేలను ఎండించు దేవా..."

వాన కోసం ఏడాదంతా మబ్బు వైపు చూసే జనం. ఒక్క క్షణం బిత్తరపోయారు. జయపాల్ అనే ముసలి రైతు ఉండబట్టలేక లేచాడు.

"ఏమప్పా ఏసేపూ, పడిందే నాలుగు చినుకులు. అవి గూడా ఎండబెట్టమంటావా?"

చర్చి గొల్లుమంది. పాస్టరుగారు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. "ఎండిన నేలను తడుపుము దేవా" అని నవ్వుతూనే జనమంతా సరిదిద్ది పాడారు. ఆ నవ్వు కృపమణికి కూడా అంటుకుంది. జనం నోటి నుంచి మాట అందుకుని, చివరి చరణం దాకా తొణక్కుండా పాడింది.

ఇంటికి పోతూ స్కూటరు వెనక నుంచి అడిగింది: "ఆ ముక్క నీకు నిజంగా రాదా?"

"ఎందుకు రాదు. నెల నుంచి ఇంట్లో పాడతాండావు గదా."

"మరి సరిగ్గా పాడి అందియ్యచ్చు గదా."

"సరిగ్గా పాడితే అందరూ నిన్నే సూస్తాంటారు."

కృపమణి ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది.

మరునాడు గాయకబృందంలోని మహిమ ఫోను చేసింది. "అత్తా, నిన్న నీ పాట రికార్డు చేసినా. తప్పు పోయిన కాడ కోసేసి పంపేదా?"

"ఏం కోయొద్దు. ఉన్నది ఉన్నట్లు పంపు."

ఏసేపు కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. తన గొంతు, జయపాల్ గద్దింపు, జనం నవ్వు, అన్నీ ఉన్నాయి.

"శానా బాగుండాది. లోటు ఒకటే. చప్పట్లు లేవు."

"ఒట్టు తీసి గట్టున పెట్టినా. కొట్టుకో పో," అంది కృపమణి.

ఆయన పాటను మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. రెండో చరణం రాకముందే పక్కింటివాళ్లు తొంగిచూసి, ఎవరికి సన్మానమని అడిగారు.