తిరగవాత లేని దినాలు

మా ఇంట్లో పట్టుపురుగులు ఉన్నన్నాళ్ళు పప్పుకు తిరగవాత ఉండదు. ఇది పెద్ద కష్టమని నేననను. లోకంలో ఇంతకంటే పెద్ద కష్టాలున్నాయని నాకూ తెలుసు. కానీ ఆవాలు చిటపటలాడని, ఎండుమిరపకాయ మాడని పప్పును వారాల తరబడి తింటున్నవాడికి ఆ కష్టాలు ఒక్కటీ గుర్తుకు రావు.

దీనికి కారణం మా అత్త. పురుగుకు ఘాటు వాసన పడదు అంటుంది. ఆమె అన్నదంటే ఇంట్లో అది చట్టం. అగరబత్తి లేదు, దోమలబత్తి లేదు, మొహానికి పౌడరు లేదు. నేను చిక్కబళ్ళాపురంలో కాలేజీలో పాఠాలు చెబుతాను; అక్కడ పిల్లలు నా మాట వినరు. బాగేపల్లికి ఇవతల ఈ తోటింటికి ఇల్లరికం వచ్చాను. ఇక్కడ నా మాట వినడానికి ఎవరికీ తీరిక లేదు. మా అత్తా, నా భార్యా పొద్దస్తమానం పురుగులకు ఆకు వేస్తూనే ఉంటారు.

అయినా ఈ ఇల్లంటే నాకు ఇష్టం. ఇంటి వెనక పురుగుల షెడ్డు, దాని వెనక గడ్డివామి, ఆపైన బండల గుట్ట. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకొని మిద్దె మీద కూర్చుంటే నెమళ్ళు మల్బరీ తోటలోకి దిగి, తనిఖీకి వచ్చిన అధికారుల మాదిరి అటూ ఇటూ చూసి, ఏమీ చెయ్యకుండా పోతాయి. ముంగిస తన పిల్లలను వెంటేసుకొని కాలువ దాటుతుంది. ఆరేళ్ళ మా పాపకు ఒక్కొక్కటీ చూపిస్తాను. ఆ అరగంటా నేను అన్నీ తెలిసిన నాన్నను.

గుట్టలో ఎలుగుబంటి ఉందని ఊరంతా అనేవాళ్ళు. తవ్వేసిన చెదపుట్టలు నేనూ చూశాను. మా అత్త ఒకసారి చెప్పింది: "చిరుతపులి మనిషిని చూస్తే పక్కకు పోతాదప్పా. ఎలుగ్గొడ్డు అట్ల కాదు. దానికి బయమైతే మీదికొస్తాది." నాకు భయమైతే నేను మిద్దె మీదికి పోతాను. ఇద్దరం భయస్తులమే, పోయే దిక్కే వేరు.

పోయిన ఏడు పనసకాయల కాలంలో చింతామణి నుంచి ఒక కాయ మోసుకొచ్చాను. బస్సులో దానికి సీటిచ్చి నేను నిలబడ్డాను. గేటు దగ్గరే అత్త ఆపేసింది.

"అది లోపలికి రాకూడదప్పా. పురుగు నాలుగో జ్వరంలో ఉండాది."

పురుగు పాత పొర విడిచే దినాలను మా వైపు జ్వరమంటారు. నాకు నిజం జ్వరమొచ్చినా ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉండదు.

"ఇంకా కాయే కదత్తా, వాసన లేదు."

"మాగితే వస్తాది కదా. ఎవురికన్నా ఇచ్చేయ్."

సరేనన్నాను. సాయంత్రానికి ఇచ్చేశానని కూడా చెప్పాను. ఇవ్వలేదు. తొడిమ దగ్గర వేపపుల్ల దిగ్గొట్టి కాయను మాగబెట్టే పద్ధతి ఆమె నేర్పిందే. అట్లే దిగ్గొట్టి, గడ్డివామికి గుట్ట వైపున చేతికందే ఎత్తులో లోపలికి దాచాను. గాలి మా ఇంటి మీదినుంచి గుట్ట వైపుకే వీస్తుంది కాబట్టి వాసన ఇంట్లోకి రాదు. దీన్ని నేను సైన్సు అనుకున్నాను. రోజూ పొద్దున పోయి గడ్డి లాగి, కాయను వేలితో నొక్కి చూసి వచ్చేవాణ్ణి. అదే వామికి ఇంటి వైపున పిల్లి మూడు పిల్లలను పెట్టింది. పాప రోజూ అక్కడికే పోయి వాటితో మాట్లాడేది.

ఆరో రోజు ఆదివారం. అప్పుడే తెల్లారింది, సన్నగా తుంపర. మిద్దె మీద టీ తాగుతున్నాను. నెమళ్ళన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఎందుకా అని చూస్తే, వామికి గుట్ట వైపున నల్లగొంగడి ఒకటి పడి ఉంది. ఎవరో మరిచిపోయారనుకున్నాను. గొంగడి గడ్డి లాగింది.

ఎలుగుబంటి అని తెలిశాక కూడా మొదట నాకు కలిగింది పండు పోయిందే అన్న బాధ. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ అది నిజం. రెండో చూపుకు, వామికి ఇవతల వైపున, గడ్డిలోంచి బయటికి రెండు చిన్న కాళ్ళు కనిపించాయి. పాప బోర్లా పడుకొని పిల్లి పిల్లల గూట్లోకి తల పెట్టి ఉంది. ఆ కాళ్ళకూ ఆ గోళ్ళకూ మధ్య నాలుగడుగుల గడ్డి. అవతలి వైపున అది తగ్గుతూ వస్తోంది.

అరవాలి. అరిస్తే పాప లేచి ఎటు పరిగెత్తుతుంది? అరిస్తే దానికి భయమైతే? అత్త చెప్పిన మాట గుర్తొచ్చి అరవలేదు. మెట్లు ఎట్లా దిగానో తెలియదు. టీ గ్లాసు చేతిలోనే ఉంది, టీ లేదు.

అత్త ఆకు తట్టతో షెడ్డులోంచి బయటికి వస్తోంది. వామి వైపు చెయ్యి చూపించాను. ఆమె చూసింది. తట్ట చప్పుడు కాకుండా కింద పెట్టింది. షెడ్డు ముందర ఆరబోసిన ఎండుమిరపకాయలను తుంపరకు భయపడి దాని అరుగు మీదికి ఎత్తి పెట్టారు. వాటిని రెండు దోసిళ్ళు తీసుకొని, స్నానాల నీళ్ళు కాగుతున్న పొయ్యిలో పోసేసింది. ఆ పొయ్యి షెడ్డు కిటికీ కిందే ఉంది. ఇరవై దినాలుగా ఆవగింజను కూడా పేలనివ్వని మనిషి.

పొగ లేచింది. ముందు షెడ్డులోకి దూరింది, లోపల నా భార్య దగ్గు వినిపించింది. తర్వాత నేలబారుగా వామి మీదికి పోయింది. నేను పొగలోనే నడిచాను. పరిగెత్తలేదు, ధైర్యం వల్ల కాదు, అడుగుల చప్పుడు అవతలికి వినిపిస్తుందని. వామి దగ్గరికి పోయేసరికి అవతలి వైపు శబ్దం బాగా వినిపించింది. చప్పరింపు, గురక, గడ్డి చిరిగే చప్పుడు. ఉన్నట్టుండి అది ఆగింది. ఆ ఆగడం శబ్దం కంటే ఘోరంగా ఉంది. వామి పక్కనుంచి మూతి ఒకటి బయటికి వస్తుందని చూస్తూ పాప రెండు కాళ్ళూ పట్టి లాగాను. నోరు మూసి భుజాన వేసుకున్నాను. వెనక పెద్దగా ఒక తుమ్ము. మనిషి తుమ్మినట్టే ఉంది. ఆపైన గుట్ట మీద రాళ్ళు దొర్లిన చప్పుడు, పైకి, ఇంకా పైకి.

షెడ్డు దగ్గరికొచ్చి కూలబడ్డాను. నా భార్య కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఏమైందో విని, పాపను నా చేతుల్లోంచి లాక్కుంది. పాపకు కోపం.

"పిల్లి పిల్లలు నిద్రపోతాండాయి నాన్నా. యాలకి లాగితివి?"

"అవతల ఎలుగుబంటి ఉండె పాపా."

"నువ్వు కదా? దినామూ ఆ పక్క గడ్డి లాగేది నువ్వే కదా? నాన్నా అని పిలిస్తి. ఊ అంటివి."

ఆ ఊ నాది కాదు. ఇంట్లో నేను మాట్లాడేది కూడా అంతే కాబట్టి పాపకు అనుమానం రాలేదు. ఈ ముక్క అప్పుడు తోచలేదు, చాలా రోజుల తర్వాత తోచింది. అప్పుడు మాత్రం ఒంటికి అంటిన గడ్డి ఏరుకుంటూ కూర్చున్నాను.

అత్త ఒక కట్టె పట్టుకొని వామి చుట్టూ తిరిగి చూసి వచ్చింది. షెడ్డులోకి తొంగి చూసింది. పురుగులు ఆకు మీద తలలెత్తి కదలకుండా ఉన్నాయి. వాన కురిసినట్టుండే ఆ మేత చప్పుడు లేదు. తలుపు దగ్గరికి వేసి, నా ముందుకొచ్చి నిలబడింది. కొంగులోంచి ఏదో తీసి నా పక్కన అరుగు మీద పెట్టింది. వేపపుల్ల. ఒక కొనకు పసుప్పచ్చ పీచు అంటుకొని ఉంది. అరుగంతా పనసపండు వాసన.

"చదువుకున్నోడివి కదప్పా," అనింది, "వాసన పురుక్కి మాత్రమే తగుల్తాదనుకుంటివా?"