ఆల్‌రైట్ చెప్పని మావయ్య

మా ఇంట్లో ఎవరైనా గడప దాటాలంటే మావయ్య ఆల్‌రైట్ చెప్పాలి. కూరగాయలకి వెళ్లినా అంతే, పక్కూరు తఖత్‌పూర్‌లో పెళ్లికి వెళ్లినా అంతే. "గ్యాసు?" అని ఆయన వీధి వసారాలోంచి అరుస్తాడు. "బంద్" అని మా ఆవిడ వంటింట్లోంచి అరుస్తుంది. "మోటారు?" "బంద్." "తాళం?" "చేతిలో ఉన్నాది నాన్నా." అన్నీ అయ్యాక కుడిచెయ్యి భుజం ఎత్తున చాపి "ఆల్‌రైట్" అంటాడు. అప్పుడు కదలాలి. ముందే చెప్పుల్లో కాళ్లు పెడితే మళ్లీ గ్యాసు దగ్గర్నుంచి మొదలు.

మావయ్య రైలింజను నడిపి రిటైరయ్యాడు. ఇంజనులో డ్రైవరూ పక్కన అసిస్టెంటూ ఎదురొచ్చే ప్రతి సిగ్నలునీ చెయ్యెత్తి చూపిస్తూ పైకి చెప్పుకోవాలి. ఒకడు "గ్రీన్" అంటే రెండోవాడు తనూ చూసి "గ్రీన్" అనాలి. ఒకడి కన్ను మోసపోయినా రెండోవాడిది మోసపోదని ఆ ఏర్పాటు. ఉద్యోగం దిగిపోయినా ఆయన చెయ్యి మాత్రం దిగలేదు. నా స్కూటరు వెనక కూర్చుని చౌరస్తాలో రంగు మారగానే చెవి పక్కన "గ్రీన్" అని అరుస్తాడు, నేను కూడా "గ్రీన్" అనేదాకా వీపు మీద తడుతూనే ఉంటాడు. మా అమ్మకి సొంత తమ్ముడు, పిల్లనిచ్చిన మామ. మేనల్లుడిగా ఎదురు చెప్పలేను, అల్లుడిగా అలగలేను. రెండు వైపులా దొరికిపోయాను.

ఇక నా పిచ్చి సంగతి. నేను కరెంటు తయారుచేసే ప్లాంటులో ఇంజనీరుని. సెలవులు కూడబెట్టి, పారాచ్యూట్ కట్టుకుని విమానంలోంచి దూకి వస్తుంటాను. ఎందుకు దూకుతావని అడిగేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. తాడిచెట్టెందుకు ఎక్కావురా అంటే దూడమేతకి అన్నట్టే ఉంటుంది ఏం చెప్పినా. మా ఆవిడ మొదట్లో ఏడ్చింది, తరవాత తిట్టింది, ఆ తరవాత నా బ్యాగులో జంతికలు పెట్టడం మొదలుపెట్టింది.

అయితే మామూలు దూకుళ్లు రెండు వందలు దాటాక నాకు రెక్కల సూటు మీద కన్నుపడింది. అంతకు ముందైతే దాన్ని తొడగనివ్వరు. చేతులకీ నడుముకీ మధ్య, రెండు కాళ్ల మధ్యా గుడ్డ ఉంటుంది. దూకగానే ఆ గుడ్డలోకి గాలి నిండుతుంది. మామూలుగా రాయిలా కిందికి పడే మనిషి దాంతో ముందుకి జారుతూ పోతాడు. థాయ్‌లాండ్‌లో నేర్పేవాళ్లున్నారు. పేరిచ్చాను, సూటు తెప్పించుకున్నాను, అప్పుడు ఇంట్లో చెప్పాను. ఆ వరస తప్పని నాకూ తెలుసు.

మా ఆవిడ చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. తరవాత తలెత్తకుండా, "నాన్నకి చూపించు బావా. మొత్తం కట్టుకుని చూపించు. ఆల్‌రైట్ అంటే వెళ్లు. అనకపోతే ఆ టికెట్టు వాపస్ చేసీ," అంది. నాకు లోలోపల సంతోషమేసింది. పనిముట్టంటే మావయ్యకి ప్రాణం. ఒప్పించడం చిటికెలో పని అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న, మేం కాపురముండే ఈ హిందీ ఊళ్లో, దయాల్‌బంద్ పేటలోని మా డాబా మీద దుప్పటి పరిచి సామానంతా పెట్టాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. మావయ్య కళ్లజోడు తుడుచుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇదేటి?"

"రెండో పారాచ్యూట్ మావయ్యా. మొదటిది సరిగ్గా తెరుచుకోకపోతే దాన్ని వదిలించుకుని దీన్ని తెరవాలి."

"దీన్ని నువ్వే మడుస్తావా?"

"మొదటిది నేనే మడుస్తాను. దీనికి లైసెన్సున్న మనిషి ఉంటాడు. వాడుకున్నా వాడకపోయినా గడువు రాగానే ఆయన విప్పి, చూసి, మళ్లీ మడవాలి."

"అచ్ఛా. మా షెడ్డులో గడువుకి ఇంజను విప్పి చూసీ షెడ్యూలు లాగ." ఆయన మొహం వికసించింది. "ఈ చిన్న డబ్బా?"

"నేను స్పృహ తప్పి ఏమీ లాగలేదనుకో, బాగా కిందికి వచ్చేసరికి అదే రెండోదాన్ని తెరుస్తుంది. కానీ దాని మీద భారం వేసి దూకకూడదు."

"మరే. గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటే ఎలగ?" అని డబ్బాని వేలితో మెల్లిగా తట్టాడు. తరవాత అసలు ప్రశ్న అడిగాడు. "బావూ, నీ పక్కన అసిస్టెంటు ఎవరు?"

విమానంలో ఒకరి వీపు ఒకరు చూసుకుంటామని చెప్పాను. ఆయనకి తృప్తి కలగలేదు. "ఆడికి తెలుగొచ్చునా?" అన్నాడు. రాదన్నాను. "అయితే నాతో అలవాటు చేసుకో. నేను ఒక్కోటీ పేరెట్టి పిలుస్తాను, నువ్వు జవాబియ్యి" అన్నాడు.

కట్టుకోవడం మొదలుపెట్టాను. పారాచ్యూట్ సంచీకి భుజాల పట్టీలుంటాయి, ఛాతీ పట్టీ ఉంటుంది, తొడల చుట్టూ రెండు కాలి పట్టీలుంటాయి. పారాచ్యూట్ తెరుచుకున్నప్పుడు మనిషి బరువంతా ఆ కాలి పట్టీల మీదే పడుతుంది. అవి లేకపోతే మనిషి కింది నుంచి జారిపోతాడు. మామూలు దూకుడులో అవి ఎదుటివాడికి కనిపిస్తూనే ఉంటాయి. రెక్కల సూటులో మాత్రం వాటి మీదుగా జిప్పు మూసుకుపోతుంది. ఇదంతా మావయ్యకి చెప్పాను, ఆయన శ్రద్ధగా విన్నాడు.

సగంలో మా ఆవిడ టీ తెచ్చింది. ఆ పట్టీలు బిగించుకుని కింద కూర్చోవడం కష్టం. వదులుచేసి, ఊడదీసి, చతికిలబడి టీ తాగాను. ఎదురు డాబా మీద బట్టలారేస్తున్న ఆవిడ "భయ్యా, చమ్‌గాదడ్ బన్ గయే క్యా?" అని అడిగింది. గబ్బిలమైపోయావా అని. మావయ్య నాకంటే ముందు నవ్వాడు. నేను నవ్వుతూనే లేచి, జిప్పులన్నీ పైకి లాగేసుకున్నాను.

మావయ్య ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు. చెయ్యెత్తాడు.

"తలకాయ టోపీ?"

"ఉంది."

"ఉన్నాది. ఛాతీ పట్టీ?"

"ఉంది."

"ఉన్నాది. కుడికాలు?"

"ఉంది."

"ఉన్నాది. ఎడంకాలు?"

"ఉంది."

"ఉన్నాది. మొదటి పారాచ్యూట్ లాగే పిడి? రెండోదాని పిడి? డబ్బా?" అన్నిటికీ జవాబులు ఠకఠకా పడ్డాయి. ఇద్దరికీ ఊపొచ్చింది. మావయ్య చెయ్యి చాపి, డాబా మొత్తం వినేలా "ఆల్‌రైట్!" అన్నాడు. మా ఆవిడ వైపు గెలిచినట్టు చూశాను.

ఆమె నడిచి చూపించమంది. రెక్కలతో అడుగులో అడుగు వేసుకుంటూ పిట్టగోడ దాకా వెళ్లాను.

"బావా, ఆగు. లోపల ఏటో గలగలమంటోంది."

వచ్చి, నా కాలి జిప్పు కిందికి లాగింది. కాలి పట్టీ ఊడి వేలాడుతోంది. దాని ఇనుప బకిలు తొడకి కొట్టుకుంటోంది. రెండో జిప్పు కూడా తీసింది. అక్కడా అంతే.

మా ఆవిడ ఆ పట్టీని చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మావయ్య చాపిన చెయ్యి దింపడం మర్చిపోయాడు. తరవాత దించి, చెప్పులు డాబా మీదే వదిలేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

భోజనానికి రాలేదు. పెరట్లో కొళాయి దగ్గర కూర్చున్నాడు. నేను వెళ్లి, డాబా మీద కాబట్టి అలా జరిగింది, అక్కడైతే చూసుకుంటాను, టీ తాగడం వల్ల వచ్చింది అంటూ ఏదేదో సర్దిచెప్పబోయాను. ఆయన వినలేదు.

"సర్వీసులో ఒక్క రెడ్డు దాటలేదు బావూ. ఇవాళ దాటించీసేను. అదీ నా గుంట మొగుణ్ణి, అల్లుణ్ణి."

"నేను చూసుకోలేదు మావయ్యా, తప్పు నాది."

"నువ్వు ఉన్నాదన్నావు. నేను ఉన్నాదన్నాను. చూసిందెవడు? సిగ్నలు బయట ఉంటాది, ఇద్దరికీ కనిపిస్తాది. నీది బట్టల్లో ఉన్నాది. కనపడందాన్ని నేను ఎలగ పిలిచేను?" ఆయన కళ్లజోడు తీసి కొళాయి కింద కడగసాగాడు. ఏడుపొచ్చింది నాకు.

ఇంక ఈ ప్రయాణం పోయిందనే అనుకున్నాను. కానీ మర్నాడు నేను డ్యూటీ నుంచి రాగానే మావయ్య "పద" అని డాబా చూపించాడు. బోర్లించిన బక్కెట్టు మీద కూర్చున్నాడు. నేను కట్టుకున్నాను. ఆయన పిలవలేదు. పిలవమంటే తల అడ్డంగా ఊపాడు. "చెయ్యి పెట్టు. పెట్టినాక జిప్పు" అన్నాడు, అంతే. ఎప్పుడైనా నేను నోటితో "ఉంది" అంటే విసుక్కునేవాడు. "నోరు ముయ్యి. నోరే కదా ముంచింది." అలా రోజూ సాయంత్రం. పట్టీ కింద వేళ్లు దూర్చి, లాగి, తరవాత జిప్పు వెయ్యడం. ఎదురింటావిడకి కూడా బోరుకొట్టి అడగడం మానేసింది.

మా ఆవిడ రోజూ రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగేది. "నాన్నా, ఏటి చెప్తావు మరి?" ఆయన మజ్జిగ పోయించుకుని లేచిపోయేవాడు.

బయల్దేరే రోజు ఆటో గుమ్మం ముందు ఆగింది. స్టేషనుకి మా ఆవిడ కూడా వస్తోంది. మావయ్య వసారాలో నిలబడి గ్యాసు అడిగాడు, మోటారు అడిగాడు. మా ఆవిడ జవాబులిచ్చింది. నేను ఆయన కుడిచెయ్యి వైపు చూస్తూ నిలబడ్డాను. అది లేవలేదు.

"మావయ్యా?"

"నేను చెప్పను."

"వెళ్లొద్దంటావా?"

"వద్దనీ అనను. నేను ఆల్‌రైట్ అన్నాననుకో, నువ్వు నమ్మీస్తావు. నా మాట మూటగట్టుకుని ఎక్కుతావు. అలగొద్దు. ఎవుడూ నీకు ఆల్‌రైట్ చెప్పలేదని ఎక్కు. అప్పుడు నీ చెయ్యి నీ కాలి మీదకి ఎల్తాది."

మా ఆవిడ వాళ్ల నాన్న మొహంలోకి చూసింది. ఆమె పెట్టిన షరతు తీరలేదు, టికెట్టు వాపస్ చెయ్యమనొచ్చు. కొంగుతో కళ్లు ఒత్తుకుని, నా బ్యాగు తనే ఎత్తి ఆటోలో పెట్టింది. "పద బావా. బండి టైమైపోతోంది."

నిజం చెప్పాలంటే రైల్లో నాకు ఒళ్లు మండింది. ఇంత పెద్దమనిషి, ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? పక్కింటి వాళ్లు బజారుకెళ్తుంటే కూడా గేటు దగ్గర నిలబడి చెప్తాడే! నాగ్‌పూర్ దాకా అలిగి కూర్చున్నాను. మా ఆవిడ పెట్టిన పులిహోర కూడా కోపంగానే తిన్నాను.

థాయ్‌లాండ్ వెళ్లాక, నేర్పే ఆయనతో నేల మీద కసరత్తులయ్యాయి. ఎలా బయటికి అడుగెయ్యాలి, రెక్కలు ముందు మూసుంచి తరవాత ఎలా తెరవాలి, పారాచ్యూట్ తెరిచేటప్పుడు చేతులు వెనక్కి ఎలా పోవాలి. దూకే రోజు వచ్చింది. నేల మీద పట్టీలు ముట్టి చూసుకునే జిప్పు వేశాను. విమానం ఎక్కాం. పైకెళ్తుంటే పక్కనున్న మనిషి నా వీపు మీది మూతలన్నీ చూసి, భుజం తట్టి, బొటనవేలు ఎత్తాడు. అంతా బాగుందన్నమాట. అన్నేళ్లూ ఆ బొటనవేలు చాలేది నాకు.

ఆ రోజు చాలలేదు. నాకెవరూ చెప్పలేదు, చెప్పలేదు అని లోపల ఒకటే గుబులు. అంత ఇరుకులోనూ కాళ్ల జిప్పులు కిందికి లాగి, చెయ్యి దూర్చాను. కుడి పట్టీ ఉంది, బిగువుగా ఉంది. ఎడమది కూడా. మళ్లీ జిప్పులు వేసుకున్నాను. పక్కవాడు నన్ను వింతగా చూశాడు. చూడనీ.

తలుపు తెరిచారు. దూకాను. ముందు మామూలు పడటమే, తరవాత రెక్కల్లోకి గాలి దూరింది. ఒళ్లు బల్లలా బిగిసింది. కింద నేల నా మీదికి రావడం మానేసి, నా కడుపు కింద నుంచి వెనక్కి పోవడం మొదలుపెట్టింది. మడులు, కాలవలు, ఒక ఎర్రటి దారి. భుజాలు నొప్పెడుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. చేతి మీది ఎత్తు చూపించే మీటరు చూసుకుని, వెనక్కి చెయ్యి పెట్టి పిడి లాగాను. పారాచ్యూట్ తెరుచుకుంది. రెండు పట్టీలూ తొడల్ని గట్టిగా పట్టుకుని నన్ను మొత్తం మోశాయి. ఆ క్షణాన మావయ్య మీద నాకెంత ప్రేమ పొంగిందంటే, గాల్లోనే ఆయన్ని పేరు పెట్టి తిట్టాను.

దిగీదిగగానే ఇంటికి ఫోను చేశాను. మా ఆవిడ నా గొంతు వినగానే ఫోను మావయ్యకిచ్చేసింది. పొద్దున్నుంచీ ఆయన ఫోను పక్కనే కూర్చున్నాడట, స్నానానికి కూడా లేవలేదట, అది తరవాత తెలిసింది.

"దిగేవా?"

"దిగేను మావయ్యా."

"ఎలగున్నాది?" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. కింద మడులన్నీ మా ఊరి పక్కన రైల్లోంచి కనిపించే బిల్హా వరిచేలల్లా వెనక్కి పోయాయని, నేనే ఇంజనులో కూర్చున్నట్టుందని.

"ఇవాళ మళ్లీ ఎక్కుతావేటి?" అని అడ్డొచ్చాడు.

"ఇంకోసారి ఉంది. గంటలో."

"అయితే నాతో కబుర్లేటి? ఫోను పెట్టీ. ఎల్లి పట్టీలు ముట్టి చూసుకో."

నేను ఇంకేదో అనేలోపే ఆయనే పెట్టేశాడు.