ఉప్పు లేని గంజి

నారాయణపేటలో మా పొరుగింటి ఆండాళు నేసిన చీరకు 1959లో పట్నం ప్రదర్శనలో బహుమానం వచ్చింది. పత్రం మీద మాత్రం ఆమె భర్త వెంకటనర్సు పేరుంది. ఆమె నేసిన నెలరోజులూ నడుంనొప్పని మంచం దిగని మనిషి, చీర పట్టుకుని పట్నం పోవడానికి మాత్రం లేచాడు. అక్కడ తన పేరే రాయించుకున్నాడు. సిగ్గులేకుండా ఆ పత్రానికి అద్దం కట్టించి, ఆమె మగ్గం ఎదురుగానే వేలాడదీశాడు.

ఆండాళు మరునాడు పడుగు నూలుకు బిరుసు రావడానికి పట్టించే జొన్నగంజిలోంచి ఒక ముంతెడు తీసి మొగుడి ముందు పెట్టింది. నూలు చెమ్మగిల్లుతుందని ఆ గంజిలో ఉప్పు వేయరు.

"గిదేందే, గింత సప్పగున్నది?"

"నేసెటోనివి నువ్వే గద. నూలు తాగేదే తాగు."

ఆనాటి నుంచి పప్పులోనూ ఉప్పు పడలేదు. ఉప్పుకుండ ఎక్కడ దాచిందో అతనికి దొరకలేదు. వారం తిరక్కుండా వెంకటనర్సు బస్టాండు హోటలుకు మరిగాడు. అక్కడ ఎవరో, ఆ బహుమానం చీర అంచులో గోపురాలు ఎట్లా తేల్చావని అడిగారు. అతడు నోట్లోని మిరపకాయ బజ్జీ మింగి, "నాకేమెర్క? నేసింది మా ఆండాళు, పోయి ఆమెనడుగు" అన్నాడు. పక్క బల్ల మీద నేనున్నాను.

నేను కొలువు వెతుక్కుంటూ ఊరు విడిచిన రోజు ఆమెకు ఈ సంగతి చెప్పి, పత్రంలో పేరు మార్చమని అర్జీ రాస్తానన్నాను. ఆమె మగ్గం ఆపలేదు.

"అర్జీ ఎందుకు పిలగా? బజ్జీలమ్మెటోని ముంగట ఒప్పుకున్నడు గద. గా ముక్క నా ముంగట గూడ అనుమను, ఉప్పుకుండ జాగ చెప్త."