కుసుమ చేను, చేదెక్కిన రోలు

చేనుకు పేనుబంక పట్టిందని ముందు నా చీరకే తెలిసింది. కుసుమ సాళ్లలో నడిచి గట్టెక్కేసరికి కుచ్చిళ్లు జిగటగా కాళ్లకు అంటుకున్నాయి. ఆకు తిప్పి చూస్తే ఆవాలు చల్లినట్టు నల్లటి పురుగు.

ముందటేడు కూడా ఇలాగే అరెకరం కుసుమా పోయింది. అందుకే నా పెనిమిటి పట్నంలో మేస్త్రీల దగ్గర పనికి పోయాడు. "ఈసారి గూడ కుసుమ పోతే ఇంటికి తాళమేసి అందరం పట్నం పోదాం" అని చెప్పి మరీ పోయాడు. రేకుల షెడ్డులో కాపురం నా వల్ల కాదు. అత్తకైతే ఆ మాట తలచుకుంటేనే రొట్టె మింగుడుపడేది కాదు.

నా తల్లిగారి ఊరు నాగల్‌గిద్ద. అక్కడ చిక్కుడుకు పేను పడితే మా అమ్మ వేపగింజల నీళ్లు చల్లేది. దీపాల నూనెకని ఏరి ఎండబెట్టిన గింజలు మా అటక మీద మూటెడు ఉన్నాయి. వెనకా ముందూ చూడకుండా ఇంట్లో రోట్లోనే పోసి దంచేశాను. బిందెలో నానబెట్టి, మర్నాడు గుడ్డలో పిండి, బట్టల సబ్బు ముక్క కరిగించి కలిపాను. పొద్దు వాలాక వేపమండల కట్టతో మొక్కమొక్కకూ చల్లాను. కుసుమ ముళ్లు గీరి మోచేతుల దాకా మంట.

అసలు గోల ఆ మర్నాడు. అత్త ఎప్పటిలాగే పచ్చిమిరపకాయ తొక్కు నూరింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"ఏందే, రోట్లె యాపగింజలు దంచినవా? నీ తెలివికి దండం పెట్టాలె."

"చేను బతికితే రోలు కడుక్కోవచ్చు అత్తా" అన్నాను. నాకూ కోపం వచ్చింది.

"కడిగితే పోతదా? నేను సచ్చినంక గూడ పోదు గీ చేదు."

చింతపండుతో తోమాను, బూడిదతో తోమాను. పోలేదు. అటు పురుగూ పోలేదు. వేప నిదానంగా పనిచేస్తుందని నాకు తెలియదు. నాలుగో రోజు గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చి, ఇంటికి పోయి మళ్లీ దంచాను, అదే రోట్లో.

రెండోసారి చల్లిన వారానికి పురుగు ఎండి రాలింది. అత్త చేనుకొచ్చి ఆకులు తిప్పితిప్పి చూసింది. ఇంటికెళ్లి ఆ చేదు రోట్లోనే తొక్కు నూరింది.

చేను పూతకొచ్చిన రోజుల్లో ఆయన వచ్చాడు. సంచిలో కొత్త తాళం. దాన్ని పక్కన పెట్టి రొట్టె తుంచాడు.

"గీ తొక్కేంది, చేదున్నది?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్త తల ఎత్తలేదు.

"పట్నం నీళ్లకు నీ నాలిక ఖరాబయింది. తిను."

తిన్నాడు. తెల్లారి చేను చూసొచ్చి, తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "ఇగ దీన్నేం జెయ్యాలె?"

"కుసుమలు ఇంటికొచ్చినంక అవి పోసిన అర్ర తలుపుకెయ్యి" అంది అత్త.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. రోలు నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడూ తొక్కు నూరి వేలితో నాకి చూస్తాను. చేదు ఎప్పుడో పోయింది. అత్త చెప్పిన వాటిలో అదొక్కటే తప్పింది.